తెలియకుండా తీసిన చిత్రం ఎవరి సొత్తు?



మా పెనుబల్లి ప్రాంతంలో అడవి ఉంది, మామిడితోటలు ఉన్నాయి, మండలంలోనే లంకాసాగర్ జలాశయం ఉంది. లేనిది సముద్రం ఒక్కటే. పిల్లలకు మాత్రం లేనిదానిమీదే మక్కువ. అందుకే వేసవి సెలవులు వచ్చాయంటే నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక వ్యాను మాట్లాడుకుంటాయి. తిరువూరు, మైలవరం, విజయవాడ మీదుగా మచిలీపట్నం చేరి, దాని దగ్గరి మంగినపూడి తీరంలో ఒక పగలు గడిపి వస్తాయి. కొందరు బాపట్ల దగ్గరి సూర్యలంకకు వెళతారు. తిరిగి వచ్చేటప్పుడు చెప్పులలో ఇసుక ఎంత ఉంటుందో, ఫోనులలో ఫోటోలు అంత ఉంటాయి.

ఆ ఫోటోల గురించే ఈ మాసం నాలుగు మాటలు చెప్పదలచాము.

ఒకప్పుడు కుటుంబచిత్రం అంటే పట్టణంలోని స్టూడియోకు వెళ్లి, పెద్దలు కుర్చీలలో కూర్చుని, పిల్లలు ముందు నిలబడి, ఊపిరి బిగబట్టి తీయించుకున్న చిత్రం. అందులో ఉన్న ప్రతి ఒక్కరికీ తమను చిత్రిస్తున్నారని తెలుసు. తల్లి పైట సర్దుకునేది, తండ్రి టోపీ సరిచేసుకునేవాడు. ఇప్పటి యువతకు ఆ బిగుసుకున్న ముఖాలు నచ్చటం లేదు. ఎవరూ కెమెరావైపు చూడకూడదు, ఎవరి ధ్యాసలో వారు ఉండగా, వారికి తెలియకుండా తీయాలి అంటున్నారు. దానికి ‘క్యాండిడ్’ అని పేరు. ఆ మాట మన వలీమా విందులలో కూడా వినపడుతున్నది.

వారు చెప్పేదానిలో నిజం లేకపోలేదు. అల తగిలి ఉలిక్కిపడిన పసివాని ముఖం, మనవరాలి చేయి పట్టుకుని మొదటిసారి సముద్రాన్ని చూస్తున్న నానీ కళ్లు ‘నవ్వండి’ అని చెప్పి తీయించుకునేవి కావు. మనిషి తనను తాను మరచిన క్షణంలో ఉండే అందం వేరు. అయితే మనిషి తనను తాను మరచిన క్షణమే అతనికి అత్యంత రక్షణ అవసరమైన క్షణం కూడా. మన ధర్మం ఆ క్షణాన్ని ఎలా చూసిందో తెలుసుకోవటం అవసరం.

ఒక కుటుంబంలో జరిగినది

గత మాసం ఒక తల్లి మా వద్దకు వచ్చారు. వారి కుటుంబం సముద్రతీరానికి వెళ్లి వచ్చింది. అక్కడ పెద్దకోడలు అలలో పడబోయిన బిడ్డను రెండు చేతులా ఎత్తుకుని నవ్వుతూ నిలబడింది. దుపట్టా భుజం మీదికి జారింది. కొంత దూరంలో ఉన్న చిన్నకుమారుడు ఆ దృశ్యాన్ని ఫోనులో తీశాడు. తీసి, బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అందులో అరవైమందికి పైగా ఉన్నారు. వారిలో ఎవరో దానిని తమ స్టేటస్‌గా పెట్టుకున్నారు. నాలుగు రోజుల తర్వాత పెద్దకుమారునితో అతని దుకాణం దగ్గర ఒక పరిచయస్థుడు, “మీవాళ్లు సముద్రానికి వెళ్లారట కదా, ఫోటో చూశాను” అన్నాడు. అతడు ఇంటికి వచ్చి భార్యను మందలించాడు, “దుపట్టా చూసుకోవద్దా?” అని.

ఆ కోడలు ఒకే మాట అన్నదట: “అలను చూసుకోనా, బిడ్డను చూసుకోనా, నన్ను ఎవరు ఫోటో తీస్తున్నారో చూసుకోనా?”

“మౌల్వీసాబ్, ఫోటోలో తప్పేమీ కనపడదు. నిజానికి చాలా బాగుంది. కాని ఆనాటి నుండి మా కోడలు నలుగురిలో నవ్వటం మానేసింది. ఈసారి మేమెక్కడికైనా వెళదామంటే ‘మీరు వెళ్లిరండి అత్తమ్మా’ అంటున్నది. తప్పు ఎవరిది?” అని ఆ తల్లి అడిగారు.

ఆమెకు మేము చెప్పిన సమాధానం ఇది. కోడలి తప్పు ఏమీ లేదు. బిడ్డను కాపాడుకోవటంలో జారిన దుపట్టాకు ఆమెను ప్రశ్నించటం న్యాయం కాదు. తీసిన మరిది దురుద్దేశంతో తీయలేదు కావచ్చు. కాని వదిన అతనికి మహ్రమ్ కాదు. భర్త తరఫు బంధువులైన పురుషుల విషయంలో దైవప్రవక్త (స) చేసిన హెచ్చరిక బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఎంత తీవ్రమైన మాటలలో ఉన్నదో చదివినవారికి తెలుసు. తీయటం ఒక తప్పు, అడగకుండా పంచటం అంతకు మించిన తప్పు. పంచినదానిని ఇంకొకరు స్టేటస్‌గా పెట్టుకోవటం మూడవది. ఈ ముగ్గురినీ వదలి నాలుగవ మనిషిని, ఏమీ చేయని మనిషిని, మందలించటం అన్నిటికంటె బాధాకరమైనది. భర్త ఆమెకు క్షమాపణ చెప్పాలి. మరిది గ్రూపులో అందరినీ ఆ చిత్రం తొలగించమని కోరాలి. తన ఫోనులో ఉన్నదానిని ఏమి చేయాలో వదిన నిర్ణయించాలి. వారు అలాగే చేశారని తర్వాత తెలిసింది. తొలగించమన్న మాట అరవైమందికీ చేరింది. అరవైమందీ తొలగించారా అన్నది అల్లాహ్‌కే తెలుసు.

నీడను పట్టి ఉంచటం

ఫోటో తీయటమే ధర్మసమ్మతమా అని కొందరు పాఠకులు ముందుగా అడుగుతారు. ఈ విషయంలో పండితుల మధ్య వంద సంవత్సరాలకు పైబడిన చర్చ ఉంది. ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేక్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ (మరణం 1935) కెమెరా కొత్త రూపాన్ని సృష్టించదని, ఉన్న నీడను పట్టి ఉంచుతుందని వాదించి అనుమతినిచ్చారు. మన తెలుగులో ఫోటోకు ‘ఛాయాచిత్రం’ అని పేరు పెట్టినవారు ఆ చర్చను ఎరిగి ఉండకపోవచ్చు గాని, మాట మాత్రం అదే. ఉర్దూలోని ‘అక్స్’ అన్న పదానికి కూడా ప్రతిబింబం అనే అర్థం. మరోవైపు, దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్‌లో ముఫ్తీగా సేవ చేసిన ముఫ్తీ ముహమ్మద్ షఫీ (1897–1976) వంటి భారత ఉపఖండ పండితులు ప్రాణుల చిత్రాలకు సంబంధించిన నిషేధం ఫోటోకు కూడా వర్తిస్తుందని, గుర్తింపుపత్రం వంటి అవసరాలకు మాత్రమే మినహాయింపు ఉందని నిర్ణయించారు. కాగితం మీదికి రాని డిజిటల్ చిత్రం గురించి నేటి పండితులలో మళ్లీ భిన్నాభిప్రాయాలు ఉన్నాయి.

ఈ పుటలో ఆ చర్చను తేల్చటం మా ఉద్దేశం కాదు. ప్రతి కుటుంబం తాను విశ్వసించే పండితుని మార్గదర్శకత్వంలో నడుచుకోవాలి. ఫోటోకు దూరంగా ఉండే కుటుంబాన్ని వెనుకబడినవారని ఎగతాళి చేయకూడదు. ఇతరులు తమ చిత్రం తీయకుండా చూసుకునే హక్కు వారికి ఉంది. ఇక అనుమతించే పండితులు కూడా దానికి హద్దులు చెప్పారన్న సంగతిని తీసేవారు మరువకూడదు. ఆ హద్దులే మన విషయం.

ప్రజలను ముందుకు పంపి…

ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స), హజ్రత్ ఆయిషా (రజి) పరుగుపందెం వేసుకున్న సంగతి చాలామందికి తెలుసు. అబూదావూద్, ముస్నద్ అహ్మద్ గ్రంథాలలో అది ఉంది. మొదటిసారి ఆమె గెలిచారు. కొంతకాలం తర్వాత మరొకసారి ఆయన (స) గెలిచి, అది మొదటి ఓటమికి బదులు అని నవ్వుతూ అన్నారు. భార్యతో సరదాగా గడపటం సున్నత్ అని చెప్పటానికి మన ప్రసంగాలలో ఈ హదీసును తరచూ ఉదాహరిస్తారు.

అయితే ముస్నద్ అహ్మద్‌లోని కథనంలో ఒక చిన్న వివరం ఉంది. పందేనికి ముందు ఆయన (స) తనతో ప్రయాణిస్తున్న ప్రజలను ముందుకు సాగిపొమ్మన్నారు. వారు వెళ్లిన తర్వాతనే పందెం మొదలయింది. అంటే ఆ ఆనందానికి తెర అవసరమని ఆయన భావించారు. ఆనందాన్ని వదులుకోలేదు. భార్యను దాచనూ లేదు. చూసే కళ్లను మాత్రం ముందుకు పంపించారు.

మరొక వివరం కూడా గమనించదగినది. ఎవరూ చూడని ఆ సంఘటన మనదాకా ఎలా వచ్చింది? హజ్రత్ ఆయిషా (రజి) స్వయంగా చెప్పారు గనుక వచ్చింది. ఆమె ఆనందాన్ని లోకానికి ఎప్పుడు, ఎంతవరకు చెప్పాలో ఆమే నిర్ణయించుకున్నారు. ఆ నిర్ణయం వేరెవరి చేతిలోనూ లేదు. కుటుంబచిత్రాల విషయంలో మనకు కావలసిన సూత్రం ఇందులోనే ఉన్నదని మా అభిప్రాయం. ఆనందం ఎవరిదో, దానిని బయటపెట్టే అధికారం వారిదే.

అనుమతి చూపు కోసమే

దివ్యఖుర్ఆన్ నూర్ సూరా 27వ ఆయతు ఇతరుల ఇళ్లలోకి అనుమతి లేకుండా, సలాం చెప్పకుండా ప్రవేశించవద్దని ఆదేశిస్తున్నది. ఇది అందరికీ తెలిసినదే. అదే సూరా 58వ ఆయతు అంతకంటె లోతుకు వెళ్లింది. ఒకే ఇంట్లో ఉండే చిన్నపిల్లలు సయితం మూడు వేళలలో అనుమతి తీసుకునే పెద్దల గదిలోకి రావాలని చెప్పింది: ఫజ్ర్ నమాజుకు ముందు, మధ్యాహ్నం దుస్తులు సడలించుకుని విశ్రమించే వేళ, ఇషా నమాజు తర్వాత. బయటివారి నుండే కాదు, సొంతబిడ్డల చూపు నుండి కూడా మనిషికి కొన్ని క్షణాల విడుపు కావాలని దీనివలన తెలుస్తున్నది.

ఒకసారి ఒక వ్యక్తి దైవప్రవక్త (స) గది తలుపు సందులోంచి లోపలికి చూశాడు. ఆయన (స) దానిని తీవ్రంగా పరిగణించి, అనుమతి అడగాలన్న నియమం వచ్చిందే చూపు కారణంగా అని తెలియజేశారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న సంఘటన. ఆ వ్యక్తి ఇంట్లో అడుగు పెట్టలేదు, ఏ వస్తువూ తీసుకోలేదు. చూశాడు, అంతే. చూపుకే ఇంత మర్యాద ఉంటే, ఆ చూపును శాశ్వతం చేసి జేబులో పెట్టుకునే కెమెరాకు ఎంత మర్యాద ఉండాలి?

ఇంకొక హదీసు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. ఒక వ్యక్తి మాట చెబుతూ ఎవరైనా వింటున్నారేమో అని అటూ ఇటూ చూశాడంటే, ఆ మాట అమానత్ అయిపోతుంది. ‘ఎవరికీ చెప్పవద్దు’ అని అతడు నోటితో అననవసరం లేదు. తల తిప్పటమే చాలు. ఇంటివారి నడుమ నిశ్చింతగా ఉన్న మనిషి చిత్రం కూడా ఇలాంటి అమానతే. ఇంటివారే ఉన్నారన్న నమ్మకంతోనే కదా ఆమె అలా నవ్వింది! ఆ నమ్మకమే ‘ఇది మన మధ్యనే ఉండనివ్వు’ అన్న అభ్యర్థన.

హైదరాబాదులో ఒక జనానా స్టూడియో

ఇంత జాగ్రత్త పాటిస్తే ఇక చిత్రాలే ఉండవని కొందరు అనవచ్చు. మన గడ్డ మీది చరిత్ర దానికి భిన్నమైన సాక్ష్యం చెబుతున్నది.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా లాలా దీన్‌దయాళ్ (1844–1905). ఆయన 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా స్త్రీల కోసం ఒక జనానా స్టూడియో తెరిచారు. దాని నిర్వహణను శ్రీమతి కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించారు. చుట్టూ ఎత్తయిన గోడలు. సహాయకులు కూడా స్త్రీలే. పురుషులకు ప్రవేశం లేదు. పర్దా పాటించే కుటుంబాల స్త్రీలు అక్కడికి వచ్చి నిశ్చింతగా చిత్రాలు తీయించుకునేవారు.

ఆలోచించండి. కెమెరా అంటే పెద్ద పెట్టె, మూడు కాళ్ల బల్ల, గాజుపలకలు అయిన రోజులలో, ‘పర్దా ఉన్నది గనుక మీకు చిత్రం లేదు’ అని ఎవరూ అనలేదు. ‘చిత్రం కావాలి గనుక పర్దా విడవండి’ అని కూడా అనలేదు. మర్యాదకు తగిన ఏర్పాటు చేశారు. నూటముప్పయి ఏళ్ల తర్వాత ప్రతి ఇంట్లో, ప్రతి స్త్రీ చేతిలో కెమెరా ఉంది. అక్కను చెల్లెలు తీయవచ్చు, తల్లిని కూతురు తీయవచ్చు, భార్యను భర్త తీయవచ్చు. ఆనాడు గోడలు కట్టి సాధించినదానిని ఈనాడు ఫోను ఎవరి చేతిలో ఉండాలన్న చిన్న ఆలోచనతో సాధించవచ్చు.

చిత్రం ఎంత దూరం పోతుంది?

2021 జూలైలోను, 2022 జనవరి మొదటి తేదీన మన దేశంలో జరిగిన రెండు దుర్మార్గాలు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. గిట్‌హబ్ అనే వేదిక మీద కొందరు రెండు యాప్‌లు తయారుచేసి, పదులకొద్దీ ముస్లిం స్త్రీల ఫోటోలను ‘వేలానికి’ అన్నట్లు ప్రదర్శించారు. పాత్రికేయులు, న్యాయవాదులు, విద్యార్థినులు ఆ జాబితాలలో ఉన్నారు. ఆ యాప్‌ల పేర్లు ఈ పుట మీద రాయటం మాకు ఇష్టం లేదు. రెండవ ఉదంతంలో అరెస్టయినవారిలో ఇరవై ఏళ్లు అటూ ఇటూ వయసున్న విద్యార్థులు ఉండటం అందరినీ కలవరపరచింది.

ఆ స్త్రీలు ఏ తప్పూ చేయలేదు. దొంగతనానికి బాధ్యుడు దొంగే. అందువలన ఈ సంఘటనను చూపించి మన ఆడపిల్లలను చదువుకు, ఉద్యోగానికి, విహారానికి దూరం చేయటం పొరపాటు. మనం నేర్చుకోవలసినది వేరే ఉంది. తన చిత్రాన్ని తాను బయటపెట్టుకున్న స్త్రీకి కనీసం అది ఎక్కడ ఉందో తెలుసు. తెలియకుండా తీసి, తెలియకుండా పంచిన చిత్రం విషయంలో ఆమెకు అదీ తెలియదు. పైగా నేడు కృత్రిమ మేధతో ఒక ముఖాన్ని మరొక దేహానికి అతికించటం పిల్లల ఆటగా మారింది. ఒక ముఖం బయటికి పోయిందంటే దానితో ఎవరు ఏమి చేస్తారో మనం ఊహించలేము.

ఎవరి చిత్రమైనా దుర్వినియోగం జరిగితే దాచుకుని కుమిలిపోవద్దు. తెలంగాణలో 2014లో మొదలయిన ‘షీ టీమ్స్’ ఉన్నాయి, సైబర్ నేరాల విభాగం ఉంది. తండ్రి గాని అన్న గాని తోడుగా వెళ్లి ఫిర్యాదు చేయాలి. ‘నీవు ఎందుకు నవ్వావు’ అని అడిగే ఇంటి కంటె, ‘నీకు మేమున్నాము’ అనే ఇల్లు అమ్మాయికి ఎక్కువ రక్షణ.

నవ్వుల పాలు చేసే చిత్రాలు

ఇదంతా స్త్రీలకు మాత్రమే అనుకోకండి. ఇసుక మీద నోరు తెరిచి నిద్రపోయిన దాదా చిత్రం, అల చూసి భయంతో కేక పెట్టిన దాదీ వీడియో, తడిసిన నిక్కరు పట్టుకుని ఏడుస్తున్న పసివాడు, కాలు జారి బోర్లాపడిన లావుపాటి మేనమామ: ఇవన్నీ సినిమాపాట జోడించి గ్రూపులలో తిరుగుతున్నాయి. హుజురాత్ సూరా 11వ ఆయతు ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దని, 12వ ఆయతు ఇతరుల గుట్టు వెదకవద్దని వారిస్తున్నాయి. వీడియో చూసి వందమంది నవ్వుతుంటే, అందులో ఉన్న ముసలామె కూడా నవ్వినట్లు నటిస్తుంది. లోపల ఆమె మనసు ఏమయిందో మనకు కనపడదు. ఇంట్లో నవ్వుకుని వదిలేస్తే సరదాగా పోయేది, పదిమందికి పంపినప్పుడు ఎగతాళిగా మారుతుంది.

ఈనాటి పసివాడు రేపటి యువకుడు. స్నానపు చిత్రాలు, బట్టలు లేని చిత్రాలు ముద్దుగా ఉన్నాయని బయటపెట్టిన తల్లిదండ్రులను ఆ యువకుడు రేపు ప్రశ్నించవచ్చు. తన తరఫున మాట్లాడలేని వయసులో ఉన్నవాని అమానతును మరింత జాగ్రత్తగా కాపాడాలి.

సముద్రతీరంలో పాటించదగినవి

ఇక ఆచరణకు వద్దాము. చిత్రాలు తీసుకునే కుటుంబాలకు మా సూచనలు ఇవి.

బయలుదేరే ముందే మాట్లాడుకోండి. ‘నన్ను తీయవద్దు’ అన్నవారి మాట ఆ రోజంతా చెల్లాలి. ‘తీయండి గాని ఎవరికీ పంపవద్దు’ అన్నవారి మాట ఎల్లకాలం చెల్లాలి. ఇలా ఒకసారి అనుమతి తీసుకుంటే, ఆ తర్వాత వారి ధ్యాసలో వారు ఉండగా తీసినా అది దొంగచాటు కాదు. చిత్రం సహజంగానే ఉంటుంది, మర్యాదా నిలుస్తుంది.

స్త్రీలను స్త్రీలే తీయండి, లేదా వారి భర్త, తండ్రి, కుమారుడు, సొంత సోదరుడు తీయాలి. వదినల చిత్రాలు మరుదుల ఫోనులలో, మరదళ్ల చిత్రాలు బావల ఫోనులలో ఉండవలసిన అవసరం లేదు.

మన తీరం తూర్పు తీరం. సూర్యుడు సముద్రం మీదుగా ఉదయిస్తాడు. ఫజ్ర్ నమాజు ముగించి ఒడ్డుకు చేరిన కుటుంబానికి అదొక వరం. సముద్రంవైపు తిరిగి తీస్తే మనుషులు నల్లని నీడలుగా, వెనుక ఆకాశం బంగారంగా కనపడుతుంది. ఫోను తెర మీద వెలుతురుగా ఉన్న ఆకాశాన్ని వేలితో తాకి తీస్తే నీడలు ఇంకా చక్కగా వస్తాయి. తల్లి, తండ్రి, వారి నడుమ చేతులు పట్టుకున్న పిల్లలు అని ఇంటివారికి తెలుస్తుంది. ముఖాలు మాత్రం పరాయివారికి తెలియవు. సాయంత్రం అస్ర్ తర్వాత సూర్యుడు ఊరివైపు ఉంటాడు. సముద్రం నుండి ఒడ్డుకు పరుగెత్తి వచ్చే పిల్లల ముఖాల మీద మెత్తని వెలుగు పడుతుంది. నడినెత్తిన సూర్యుడు ఉన్న వేళ కళ్లు చిట్లుతాయి, ముఖాల మీద నల్లని నీడలు పడతాయి. ఆ వేళ ఫోను సంచిలో పెట్టి భోజనం చేయటం మేలు.

ముఖమే చిత్రం కానవసరం లేదు. తండ్రి పాదముద్రలో పాదం పెడుతున్న పిల్లవాని కాలు, గవ్వలు ఏరిన చేతులు, ఇసుకలో కట్టిన మస్జిద్, దూరం నుండి వెనకవైపుగా నడిచిపోతున్న ముసలి దంపతులు కూడా కుటుంబచిత్రాలే. పిల్లలను ‘ఇటు చూడు’ అని పిలవకండి. ఒక పని అప్పగించండి, గుంట తవ్వమనండి, గవ్వలు లెక్కించమనండి. మీరు వంగి వారి కళ్ల ఎత్తుకు ఫోను దించండి. ఉప్పుగాలికి కెమెరా అద్దం మసకబారుతుంది. మెత్తని పొడిబట్టతో మధ్యమధ్య తుడవండి.

చిత్రం తీసేవాడు పిల్లలకు కాపలాదారు కాలేడు. తెర మీద కన్ను ఉన్నవానికి అల కనపడదు. అందుచేత ఫోను ఒకరి చేతిలో ఉంటే, నీటిలోని పిల్లల మీద కన్ను మరొక పెద్దమనిషిది కావాలి. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2018లో ప్రచురించిన పరిశీలనలో 2011 నుండి 2017 వరకు ప్రపంచంలో సెల్ఫీలు తీసుకుంటూ మరణించినవారు 259 మంది అని తేలింది. అందరికంటె ఎక్కువ మంది మన దేశస్థులే. ఎక్కువ మరణాలకు కారణం నీటమునక. చిత్రం కోసం సముద్రానికి వీపు తిప్పి నిలబడటం ఎంత ప్రమాదమో ఇంతకంటె చెప్పనవసరం లేదు.

వెనుక ఎవరు ఉన్నారో చూడండి. తీరం మన సొంతం కాదు. మన చిత్రంలో తడిసిన చీరలతో స్నానం చేస్తున్న పరాయి స్త్రీలు పడకూడదు. వారు ఏ మతస్థులైనా వారి గౌరవం మన మీది హక్కు. చూపులు క్రిందికి వాల్చమన్న ఆదేశం నూర్ సూరాలో మొదట వచ్చింది పురుషులకే అని మరువకండి. వల లాగుతున్న మత్స్యకారులను కూడా అడిగి తీయండి. వారి కష్టం మన ఆల్బమ్‌కు అలంకారం కాదు.

నమాజును చిత్రంగా మార్చుకోకండి. మా ప్రాంతం నుండి మచిలీపట్నం వెళ్లేవారు షరీఅత్ ప్రకారం ముసాఫిర్లే. హనఫీ మస్లక్ వారు జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్‌లను రెండేసి రకాతులుగా చదవాలి. స్థానిక ఇమామ్ వెనుక అయితే నాలుగూ చదవాలి. సముద్రపు నీటితో వుజూ చెల్లుతుందని హదీసులో స్పష్టంగా ఉంది. ఇసుక మీద చేసిన ఆ సజ్దా ఎంతో మధురమైనది. దానిని ఎవరితోనైనా తీయించి స్టేటస్‌లో పెట్టుకోవాలన్న కోరిక కలిగితే, దైవప్రవక్త (స) ప్రదర్శనాబుద్ధి గురించి ఎంతగా భయపడ్డారో గుర్తు చేసుకోండి.

ఇల్లు చేరిన తర్వాత ఒక సాయంత్రం అందరూ కలిసి కూర్చుని చిత్రాలు చూడండి. ఎవరి చిత్రాన్ని ఉంచాలో, దేనిని తొలగించాలో వారినే అడగండి. ‘ఇది తీసెయ్’ అన్నప్పుడు ‘ఎంత బాగుందో’ అని వాదించకండి. బాగుండటం తీసినవాని అభిప్రాయం. ఉండటం, ఉండకపోవటం అందులో ఉన్నవారి హక్కు. మిగిలినవాటిలో పదింటిని ముద్రింపించి ఇంట్లో దాచండి. ఫోను పాడయితే వందలు పోతాయి. పెట్టెలోని పది చిత్రాలు మనవలకు అందుతాయి.

జ్ఞాపకం కూడా ఒక అనుగ్రహం

పిల్లల బాల్యం తిరిగి రాదు. పెద్దల నీడ ఎల్లకాలం మన మీద ఉండదు. వారితో గడిపిన ఒక మంచి పగటిని గుర్తు చేసుకుని కృతజ్ఞత చెప్పుకోవటం విశ్వాసి లక్షణం. ఆ జ్ఞాపకానికి చిత్రం సాయపడితే మంచిదే. అయితే చిత్రం కోసం మనిషి నొచ్చుకుంటే, ఆ పగలు జ్ఞాపకంగా కాక గాయంగా మిగులుతుంది. తన ఇంటివారి ఎదుట ఏ భయమూ లేకుండా నవ్వగలగటం ప్రతి స్త్రీకి, ప్రతి బిడ్డకు, ప్రతి వృద్ధునికి మనం ఇవ్వవలసిన హక్కు. ఆ నవ్వును కెమెరా పట్టుకున్నా పట్టుకోకపోయినా, అది అల్లాహ్ దృష్టిలో ఉంది.

మన ఇళ్లను ఒకరి గౌరవాన్ని ఒకరు కప్పి ఉంచే ఇళ్లుగా అల్లాహ్ తీర్చిదిద్దుగాక. మన చేతులలోని అమానతులను కాపాడే శక్తిని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.